డీజిల్ రాని రోజులు

ఈమధ్య బరంపురంలో పెట్రోలు దొరకదని ఒక మాట పుట్టి, మా వీధి మలుపులోని బంకు దగ్గర స్కూటర్ల వరుస బజారు దాకా సాగింది. మా అల్లుడు ఎండలో నిలబడి నిలబడి ఇంటికొచ్చి టీవీ పెడితే, అందులో ఒకాయన భూమిలోని చమురు ఎప్పటికైనా అయిపోయేదేననీ, పొయ్యిలోకి కట్టె కరువై మట్టిలో కలిసిన రాజ్యాలు పూర్వం చాలా ఉన్నాయనీ వివరిస్తున్నాడు. అమ్మాయి కంగారుపడింది. నాకు మాత్రం భయమూ కలగలేదు, బాధా కలగలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను.

మాది గంజాం తీరంలో చేపల వేట మీద బతికిన తెలుగు కుటుంబం. మా అయ్య తెరచాప పడవల మీద పెరిగినవాడు. ఇంజన్లు వచ్చిన కొత్తల్లో, మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంజను కొన్న ఇంటిని జనం పెళ్లివారిల్లు చూసినట్టు చూసేవారు. అయ్య కూడా సంబరంగా పడవకు ఇంజను పెట్టించి, తెరచాపను చుట్టి అటకెక్కించి, ఇక గాలిని బతిమాలుకునే పని లేదని అమ్మతో చెప్పి నవ్వాడు. అన్నయ్య ఆ ఇంజను మీదే వేట నేర్చుకున్నాడు.

కొన్నేళ్లకు పెద్ద తుఫాను వచ్చి ఛత్రపూర్ వైపు రోడ్డు తెగిపోయింది, డీజిల్ రావడం ఆగిపోయింది. సముద్రం నెమ్మదించాక కూడా పడవలన్నీ ఇసకలోనే ఉన్నాయి. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. అప్పుడు అయ్య తెరచాపను కిందికి దింపించాడు. ఎలుకలు కొట్టిన చోటల్లా అమ్మా నేనూ పాత చీరముక్కలు వేసి కుట్టాం. ఆయనతో వేటకు వెళ్లిన పాతవాళ్లు అప్పటికే పోయారు గనుక అన్నయ్యనూ, అతని స్నేహితులిద్దరినీ ఎక్కించుకున్నాడు.

కెరటాలు దాటేదాకా బాగానే వెళ్లారు. అక్కడ గాలి తిరిగింది. తాడు వదలమని అయ్య కేకేస్తే అన్నయ్య వేరే తాడు వదిలాడు. మేము చూస్తుండగానే పడవ ఒరిగి బోల్తా పడింది. నలుగురూ ఈదుకుంటూ ఒడ్డెక్కారు గానీ పడవ ముక్కలై కొట్టుకొచ్చింది.

"ఏ తాడో నాకు తెల్లేదయ్యా" అన్నాడు అన్నయ్య, ఇసకలో కూలబడి.

అయ్య తలపాగా గుడ్డ పిండి అతని తల తుడిచాడు. "నీకెలాగ తెలుస్తాదిరా, నాను సెప్పనేదు. ఇంక అక్కర్నేదనుకున్నాను" అన్నాడు.

తరువాత డీజిల్ లారీ వచ్చింది, అందరూ డబ్బాలు పట్టుకుని పరుగెత్తారు, మా ఇంట్లోంచి ఎవరూ కదల్లేదు. అన్నయ్య గుజరాత్ వైపు ఎవరివో బోట్ల మీద పనికి వెళ్లిపోయాడు. అయ్య వలలు బాగుచేస్తూ ఒడ్డునే ఉండిపోయి, అలాగే కన్నుమూశాడు. ఎవరూ ఏడ్చినట్టు నాకు గుర్తు లేదు.

మా చిన్నతనంలో ఆయన పొద్దున్నే గడప దగ్గర నిలబడి, ఆ పూట వీస్తున్న గాలిని పేరు పెట్టి చెప్పేవాడు. ఒక్కో గాలికి ఒక్కో పేరుండేది. ఇప్పుడు సాయంత్రాలు మా మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది. దాన్ని ఏమనేవారో నాకు తెలియదు. అడగడానికి ఎవరూ లేరు.