ఆసుపత్రిలో మనవాడు

మా నాన్నకు నంబర్ల మీద నమ్మకం ఉండేది కాదు. పోర్టు ఆఫీసులో రోజంతా అంకెలు రాసే మనిషి, ఇంటికొచ్చాక మాత్రం "నంబరుకెవడు పలుకుతాడే? మనిషికి పలుకుతాడు గానీ" అనేవాడు. ఆయన లెక్కలో ఆపద వస్తే మొదట చెయ్యాల్సింది ఫోన్ కాదు, అక్కడ మనవాడెవడున్నాడో చూసుకోవడం.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. గోదావరి జిల్లాలో సొంత ఊళ్లో ఉన్నన్నాళ్లూ కష్టమొస్తే ఎవరి గుమ్మం తొక్కాలో ఆయనకు తెలుసు. విశాఖపట్నంలో పోర్టు క్వార్టర్సులో దిగాక ఒక్కరూ తెలీదు. అందుకని మనుషుల్ని కూడగట్టుకున్నాడు. ఫైర్ స్టేషన్లో ఒకాయన, పోలీస్ స్టేషన్లో రైటరు, కరెంటాఫీసులో లైన్‌మన్, ఆసుపత్రిలో పనిచేసే వన్ టౌన్ ఆయన ఒకడు. వేసవిలో ఊరినుంచి మామిడికాయలు దిగగానే అందరికీ తలా ఒక సంచి, ఆ తర్వాత తలా ఒక జాడీ ఆవకాయ. మనింట్లో ఆవకాయ పెట్టేది తినడానికి కాదు, అంబులెన్సు కోసమని నేనంటే అమ్మ నోరు ముయ్యమనేది, నవ్వేది కూడా. పైగా ఆ పద్ధతి పనిచేసేది, అదే చిక్కు. గాలివానకు కరెంటు పోతే పక్క వీధి కంటే ముందు మా వీధికే వచ్చేది.

అందరిలోకీ ఆసుపత్రాయన మీద నాన్నకు గురి ఎక్కువ. ఆయన నాన్నను "బావా" అని పిలిచేవాడు. ఈ ఊళ్లో మగవాళ్లు ఎవరినైనా అలాగే పిలుస్తారని తెలిసి కూడా నాన్న మురిసిపోయేవాడు. అక్కడ ఆయన చేసే ఉద్యోగం ఏమిటో మేమెవరమూ అడగలేదు. ఆసుపత్రంతా ఆయన చేతుల్లో ఉందని నాన్న చెబితే నమ్మాం.

మా పక్క క్వార్టర్లో ఉండే ఆంటీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. వీధి మొత్తానికీ ఫోను వాళ్లింట్లోనే ఉండేది. ఆదివారం వాళ్లింటిల్లిపాదీ చర్చికి వెళ్తూ తాళంచెవి మాకిచ్చి వెళ్లేవారు. డైరెక్టరీ మొదటి పేజీ బట్టీ పట్టమని ఆవిడ నాతో ఎన్నిసార్లు చెప్పిందో. పోలీసు, ఫైరు, అంబులెన్సు, అన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. నాన్న మాత్రం "పాపం, ఆవిడకి నంబర్లే తెలుసు, మనుషులు తెలీరు" అని జాలిపడేవాడు. ఒకసారి ఎదురింట్లో కిరసనాయిలు స్టవ్ అంటుకుంటే, ఆయన సైకిలేసుకుని ఫైరాయన ఇంటికి వెళ్లాడు. ఆ వేళ ఫైరాయనకు సెలవు. లుంగీతోనే సైకిలు వెనక కూర్చుని వచ్చాడు. అప్పటికే వీధివాళ్లు ఇసక పోసి ఆర్పేశారు. నేను నవ్వితే నాన్నకు కోపం వచ్చింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి అన్నాడు నన్ను. లుంగీతో పరిగెత్తుకొచ్చిన ఆ అభిమానం ఏ నంబరు చూపిస్తుందని అడిగాడు.

ఎనభైల మొదట్లో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి అమ్మ వంటింట్లో చపాతీ పిండి కలుపుతూ కూలబడిపోయింది. గుండెల్లో పట్టేసినట్టుంది, గ్యాసేమో అంది. కాస్త జీలకర్ర నమిలింది. పది నిమిషాలకు జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది, ఎడమ చెయ్యి లాగుతోందంది. నాన్నా నేనూ తాళం తీసుకుని ఆంటీ వాళ్లింట్లోకి పరిగెత్తాం. నేను డైరెక్టరీ మొదటి పేజీ తెరిచాను. నాన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని మూసేశాడు.

"ఎవరూ తెలీకుండా పట్టుకెళ్తే వరండాలో పడేస్తారు. ముందు ఆయన్ని పట్టుకోవాలి," అన్నాడు.

ఆసుపత్రాయన ఇంటిపక్క కొట్టుకు ఫోన్ చేస్తే, దువ్వాడలో పెళ్లికి వెళ్లాడని కొట్టతను చెప్పాడు. నాన్న క్షణం ఆలోచించలేదు. రోడ్డు మీదకెళ్లి ఆటో మాట్లాడుకుని దువ్వాడ బయల్దేరాడు. అమ్మను ఎక్కించాల్సిన ఆటోలో తను ఎక్కి, ఆసుపత్రి ఒకవైపుంటే ఇంకోవైపు వెళ్లాడు. ఇప్పుడు రాస్తుంటే ఎంత తెలివితక్కువ పనో కళ్లకు కడుతోంది. ఆ రోజు నాకూ తట్టలేదు. ఆటో కదిలితే హమ్మయ్య అనుకున్నాను కూడా.

ఫోను పక్కింట్లోనే ఉంది, తాళం నా చేతిలోనే ఉంది. పదింటికి ఇక ఆగలేక లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన మాట కాదని చెయ్యకే. అంత దూరం వెళ్లి వచ్చాక చిన్నబుచ్చుకుంటారు," అంది.

కూర్చున్నాను. ఊపిరందక అవస్థ పడుతూ కూడా మొగుడు చిన్నబుచ్చుకుంటాడని ఆలోచించిన మా అమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ మాట విన్నందుకు నా మీద ఇంకా కోపం. దువ్వాడ రోడ్డంతా స్టీల్ ప్లాంటుకు మట్టి తోలే లారీలు, వాటి మధ్య ఆటో ఎక్కడిదాకా వచ్చి ఉంటుందా అని లెక్కలు వేసుకుంటూ విసనకర్రతో విసురుతూ ఉండిపోయాను.

పదకొండు దాటాక ఆంటీ తాళంచెవి కోసం వచ్చింది. అమ్మ ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయి, ఎంతసేపయిందని అడిగింది. తొమ్మిదింటి నుంచి అని చెప్పాను.

"అప్పట్నుంచి ఏటి సేత్తన్నావే?" అంది.

నా జవాబు కోసం ఆగలేదు. ఫోన్లో ఆవిడ చెప్పినవి మూడే ముక్కలు: ఎక్కడికి రావాలి, ఎవరికి, ఏమైంది. పావుగంట తిరక్కుండా అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ పట్టుకున్నవాళ్లు మేం ఎవరి తాలూకని అడగలేదు. ఆసుపత్రిలో తిన్నగా లోపలికే తీసుకెళ్లారు. డ్యూటీ డాక్టరమ్మ అమ్మ నాడి చూస్తూనే నా వైపు తిరిగి, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగింది.

"అరగంట అయిందండీ," అన్నాను.

రెండున్నర గంటలని చెప్పడానికి నోరు రాలేదు. నాన్నను కాపాడాలనుకున్నానో, నన్ను నేను కాపాడుకున్నానో తెలీదు. పక్కనే ఉన్న ఆంటీ విని కూడా మాట్లాడలేదు. డాక్టరమ్మ అదే రాసుకుంది. నిజం చెప్పుంటే ఏమైనా మారేదా అని చాలా ఏళ్లకు ఇంకో డాక్టరును అడిగాను. చెప్పలేం అన్నాడాయన.

పన్నెండున్నరకు అమ్మ పోయింది.

ఒంటిగంటకు నాన్న వచ్చాడు. ముందు ఇంటికెళ్లి, అక్కడ ఆంటీ భర్త చెబితే ఇటు వచ్చాడట. వెంట ఆసుపత్రాయన, పట్టుచొక్కాతో, మెడకు రాసిన గంధంతో. "తీసుకొచ్చేశానే, ఇంక భయం లేదు" అంటూనే నాన్న లోపలికి అడుగుపెట్టాడు. నా ఏడుపు చూసి ముందు అర్థం చేసుకున్నది ఆసుపత్రాయనే. నాన్నను బెంచీ మీద కూర్చోబెట్టి ఆయనా పక్కన కూర్చున్నాడు.

"బావా, నాను ఇక్కడ పాత కాగితాలు కట్టలు కట్టుకునేవోడ్ని. నానుంటే ఏటి, నేకపోతే ఏటి? తిన్నగా ఇక్కడికే తెచ్చీవలసింది," అన్నాడు.

నాన్న ఒక కాలి చెప్పు విప్పి, మళ్లీ తొడుక్కున్నాడు.

పదకొండో రోజు భోజనాల దగ్గర, ఊరినుంచి వచ్చిన మా పెద్దత్త, ఆసుపత్రికి తీసుకెళ్లడం గానీ ఆలస్యమైందా అని నాన్నను అడిగింది. పంక్తిలో అందరూ తలలెత్తారు. నేను కూర వడ్డిస్తున్నాను.

"ఆలస్యమేం లేదక్కా. మొత్తం అరగంటలో అయిపోయింది. డాక్టరు కాగితంలో కూడా అదే ఉంది," అన్నాడు నాన్న. అని నా వైపు చూశాడు. "అంతే కదే?"

"అంతే నాన్నా," అన్నాను.

ఆయన తల వంచుకుని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.