వర్లాన్ వాయించని రికార్డు

రూఫస్ బ్యానింగ్ పత్తి చేలో అడుగుపెట్టి ఎరగడు. మిసిసిపీ నుంచి షికాగో వచ్చిన రైల్లో అతను తల్లి ఒళ్లో నిద్రపోతున్న పసివాడు. ఆ తర్వాత బతుకంతా మా వెస్ట్ సైడ్‌లోనే గడిచింది. పగలు సిటీ బస్సు నడిపేవాడు, వారాంతాల్లో ఎర్లీన్ బారులో కరెంటు గిటారు మోగించేవాడు. బస్సుకు పింఛను వచ్చింది, గిటారుకు రాలేదు. ఇదేమీ చెప్పుకుని ఏడవాల్సిన విషాదం కాదు, మా వీధిలో సగం మంది కథ ఇదే. అయినా కొత్త ఆల్బమ్ అట్ట మీద రూఫస్ ఎవరిదో పాడుబడ్డ ఇంటి అరుగు మీద, కరెంటు అక్కర్లేని పాత చెక్క గిటారు ఒళ్లో పెట్టుకుని, దిగులుగా కూర్చుని ఉన్నాడు. గిటారు ఫొటో తీసినవాడిది. దిగులు మాత్రం రూఫస్‌దే, ఎందుకంటే అంత చలిలోనూ కోటు విప్పించారు.

పత్తి చేలల్లో పుట్టిన మా నల్లవాళ్ల పాట ఈ బ్లూస్. బ్లూస్ అంటే బాధ అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఉత్త బాధే కావాలంటే ఆస్పత్రి వరండాలో బోలెడంత దొరుకుతుంది, అక్కడెవరూ లేచి చిందెయ్యరు. బ్లూస్ అంటే పని. ఒక్కడి వల్ల కాని పని. రూఫస్ పక్కన ఆ పని చేసేవాడు డ్రమ్మర్ వర్లాన్ టిబ్స్. పోస్టాఫీసులో చేసి రిటైరైనవాడు, రూఫస్ కన్నా రెండేళ్లు చిన్న, నోరు మాత్రం పెద్ద.

రూఫస్ పాడే చరణం పుస్తకాల్లో రాసినట్టు పన్నెండు ఆవర్తాలకు మలుపు తిరగదు. మాట పూర్తయ్యాక తిరుగుతుంది. ఒక్కో మాటను అతను నాలుక మీద పెట్టుకుని చప్పరిస్తాడు. అంతసేపూ వర్లాన్ డ్రమ్ముల మీద అక్కడక్కడే తచ్చాడుతూ కాచుకుని ఉంటాడు. రూఫస్ గడ్డం కిందికి దిగిందా, దెబ్బ పడుతుంది. నలభై ఏళ్లుగా వర్లాన్ వాయించింది ఆ గడ్డాన్ని చూసే.

ఆల్బమ్ తీసిన కంపెనీ మనిషి గ్యారెట్‌కు ఈ సంగతి తెలియదు. తెలుసుకోవాలనీ తోచలేదు. భక్తి ఎక్కువైనవాడికి ప్రశ్నలు రావు. రూఫస్‌ను అద్దాల గదిలో కూర్చోబెట్టాడు, వర్లాన్‌ను గోడకు అవతల. ఇద్దరి చెవుల్లోనూ తాళం లెక్కపెడుతూ టిక్కు టిక్కుమనే యంత్రం పెట్టాడు.

"ఈ గోడేంటయ్యా?" అన్నాడు వర్లాన్. "వాడి మొహం కనబడకపోతే ఎలా వాయించేది?"

"చెవిలో వినబడుతుంది కదండీ."

"విన్నాక కొడితే అప్పటికే ఆలస్యమైపోద్ది."

రూఫస్ అక్కడే అడ్డుపడాల్సింది. "పోనీలేరా, ఎన్నాళ్లు గనక?" అన్నాడు. పేరున్న కంపెనీ పిలిచి రికార్డు తీస్తానంటే బస్సు డ్రైవరైనా మెత్తబడతాడు.

మాలో ఒక ఆచారం ఉంది. ఏ బ్యాండు కొత్త రికార్డయినా మొదట మోగేది ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యాక, ఎర్లీన్ బారులోనే. పాడినవాడు అంతకుముందు వినడు. అందరితో కలిసి, స్పీకర్లకు వీపు పెట్టి, జనం కాళ్లను చూస్తూ వింటాడు. కాళ్లు కదిలితే రికార్డు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకే పాటలు తయారయ్యాక కంపెనీ పంపించి ఎలా ఉన్నాయని అడిగితే, రూఫస్ వాటిని తెరవకుండానే బాగున్నాయని జవాబిచ్చాడు.

ఆ ఆదివారం బారు కిటకిటలాడింది. వేయించిన చేపలు, పక్కన స్పఘెటి, వాటి మీద ఎర్రగా కారపు సాసు. గ్యారెట్ కూడా కొత్త టోపీ పెట్టుకుని వచ్చాడు. మొదటి పాట మోగింది. ఒక జంట లేచి నాలుగడుగులు వేసి కూర్చుంది.

"బానే ఉంది నాయనా," అంది ఎర్లీన్, రూఫస్ మొహం చూడకుండా. "ఎవరో ఇస్త్రీ చేసినట్టుంది."

ఎవరో వర్లాన్ వీపు మీద చరిచారు. "వర్లానన్నా, కుర్రాడివైపోయావే! గడియారంలా కొట్టావు!"

వర్లాన్ ఫోర్కు కింద పెట్టాడు. "అది నేను కాదు."

"అబ్బో, వినయం!"

"నేను కాదంటుంటే! నా చెయ్యి నేనెరగనా?"

గ్యారెట్ మొహం ఎర్రబడింది. "అంటే... మీరు అక్కడక్కడా వెనకబడుతున్నారని, వేరే ఊళ్లో ఒకాయన చేత మళ్లీ వాయించాం. పేరు మాత్రం మీదే ఉంచాం, గౌరవంగా."

"నేను చెయ్యని పనికి నా పేరెందుకయ్యా? నేనేమన్నా చచ్చిపోయానా, పేరు మిగల్చడానికి?"

రూఫస్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "వెనకబడ్డాడా? నా మాట అయ్యేదాకా ఆగాడ్రా వాడు! నా పాటంతా వాడు ఆగినచోటే ఉంది. దాన్నే కోసి పారేశావు!"

"మీకు పంపించాం కదండీ," అన్నాడు గ్యారెట్. "బాగుందని మీరే రాశారు."

వర్లాన్ మెల్లిగా రూఫస్ వైపు తిరిగాడు.

"విన్నావా?"

"వినలేదు. ముందు విననని నీకు తెలుసుగా."

"వినకుండానే బాగుందన్నావా?"

"ఆచారం కదరా..."

"కలిసి వాయించినదానికిరా ఆచారం! గోడ కట్టి వాయించినదానికి ఆచారమేంటి? అక్కడ నువ్వు వినాలి. నేను కనబడని చోట నాకోసం వినాల్సింది నువ్వు!"

రూఫస్ ఎర్లీన్‌ను రికార్డు ఆపెయ్యమన్నాడు. జనం వైపు తిరిగి, ఇందులో ఉన్నది వర్లాన్ కాదు, వినకుండా ఒప్పుకున్నది నేను, అని గట్టిగా చెప్పాడు. గ్యారెట్‌తో, విడుదల నాడు పెద్ద హాల్లో కచేరీకి తను రానన్నాడు.

"టిక్కెట్లు అమ్మేశామండీ!"

"ఆ గడియారాన్ని పిలిపించుకుని వాయించుకో."

కోపంలో చెప్పినా మాట తప్పలేదు, ఆ కచేరీ జరగలేదు. ఆ రోజు బారులో ఆదివారం కచేరీ మాత్రం జరగాలి కదా. రూఫస్ గిటారు తగిలించుకున్నాడు. వర్లాన్ వెళ్లి డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. అప్పుడు చేశాడు వాడు చెయ్యాలనుకున్నది. ఆగలేదు. అచ్చం రికార్డులోలా, ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా, పన్నెండుకు మలుపు తిప్పేశాడు. రూఫస్ నోట్లో మాట సగంలో తెగింది. రెండో చరణంలోనూ అంతే. మూడోదానికి బస్సు వెంట పరిగెత్తేవాడిలా రూఫస్ మాటలు కుక్కుకుంటూ పాడాడు. చొక్కా తడిసిపోయింది. ఎవరూ నవ్వలేదు.

"ఒరేయ్, కాస్త ఆగరా!"

"వెనకబడుతున్నానంటారు," అన్నాడు వర్లాన్, కర్రలు ఆపకుండానే.

రికార్డు అనుకున్న రోజుకే విడుదలైంది. అట్ట మీద వర్లాన్ పేరు అలాగే ఉంది. ఇద్దరు ముసలి మిత్రుల గుండెచప్పుడు ఒకటై వినిపిస్తోందని ఒక పత్రిక రాసింది. ఆ రాసినవాణ్ణి మా వీధిలోకి రమ్మనండి, మాట్లాడదాం.

వర్లాన్ ఇప్పటికీ ఆదివారాలు వస్తాడు. ఎర్లీన్ కోసం వస్తున్నానంటాడు. ఒక పాటలో ఆగుతాడు, ఒక పాటలో ఆగడు. ఎప్పుడు ఆగుతాడో చెప్పడు. అందుకని రూఫస్ ఇప్పుడు జనానికి సగం వీపు పెట్టి, మెడ తిప్పి వర్లాన్ చేతినే చూస్తూ పాడుతున్నాడు.

"నన్నేం చూస్తావ్?" అంటాడు వర్లాన్. "జనం అటున్నారు."