ఆదివారం దాకా ఆపిన మాట

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వీధిలో చేపలమ్మే బెంగాలీ దీదీ. మా మధ్య తిరిగి తిరిగి ఆమెకు మన తెలుగు వచ్చేసింది. శనివారం పొద్దున గంప దించకుండానే అంది:

"ఓ దీదీ, మీ ఇంట్లో దిగుతానన్న ముసలాయన కుక్కని సాలువా ఊరికి తీసుకుపోయి ఒదిలీసినాడు. నా కళ్ళతో సూసినాను. సైకిల్ తొక్కుతూ ఏడుస్తన్నాడు."

ఆయన వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయాక ఆ కుక్కే తోడు. రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కనుక, మా వెనక గది అద్దెకు అడగడానికి బుధవారం వచ్చాడు. కుక్క గేటు బయటే కూర్చుంది.

"దీన్నీ ఉండనిస్తావా సెల్లెమ్మా? ముసల్దైపోనాది. అరవడం కూడా మర్సిపోనాది."

"మరి దొంగలొస్తే ఏటి సేస్తాది అన్నయ్యా?"

"నన్ను లేపుతాది. నేను అరుస్తాను."

ఇద్దరం నవ్వుకున్నాం. అయినా, "ఆదివారం సర్చి అయినాక సెప్తాను" అన్నాను.

నేను బడికి వెళ్ళలేదు. అమ్మ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి చదువు నేర్పింది. ఏ సంగతైనా ఆదివారం ప్రార్థన కాకుండా మాట ఇవ్వకూడదనీ ఆవిడే నేర్పింది. నాకున్న సందేహం ఒక్కటే. ముందు వాటాలో అద్దెకున్న అమ్మాయికి అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న పాప ఉంది. ఆ సాయంత్రమే వెళ్ళి అడిగాను.

"ఉండనీండి ఆంటీ. మా దానికన్నా ఆ కుక్కే బుద్ధిగా ఉంది" అంది.

రాత్రి మోకరించినప్పుడు నా మనసులోనూ ఏ అడ్డూ లేదు. బుధవారమే జవాబు నా దగ్గరుంది. రెండు వీధులు నడిస్తే ఆయన క్వార్టర్. ఆదివారం అన్నాను కదా అని ఊరుకున్నాను.

శనివారానికే తాళం అప్పగించాలని ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. కుక్కతో ఎక్కడికి పోవాలో తెలియక, సాలువా దగ్గర పొలమున్న తెలిసినవాళ్ళకి ఇచ్చేశాడు. దీదీ మాట వినగానే పరుగెత్తాను. ఆయన పరుపు చుట్టుకుంటున్నాడు.

"తెచ్చీసుకో అన్నయ్యా. ఉండనిస్తాను."

ఆయన పరుపు వదిలేసి లేచాడు. "అలాగేనమ్మా" అని సైకిల్ తీశాడు. సాయంత్రానికి ఒక్కడే తిరిగొచ్చాడు.

"తాడు కొరికీసి పోనాదంట" అని మెట్టు మీద కూర్చున్నాడు.

పాత క్వార్టర్ దగ్గర రోజూ చూశాం. రాలేదు.

ఇప్పుడాయన మా వెనక గదిలోనే ఉంటున్నాడు. వారానికోసారి సాలువా దాకా వెళ్ళి, పొలాల గట్ల మీద నిలబడి పిలిచి వస్తాడు. గేటు లోపలికి వచ్చాక వెంటనే మూయడు. వెనక ఇంకెవరో రావాలన్నట్టు కాసేపు తెరిచి పట్టుకుంటాడు. ఈ ఇంట్లో ఉండటానికి ఆయనకి మనసొప్పినందుకు దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. ఆ గేటు చప్పుడు కోసం వింటూ ఉంటాను.

మొన్న ఒక టీచరమ్మ పిల్లిని బుట్టలో పెట్టుకుని పై గది అడగడానికి వచ్చింది. ఆవిడ నోరు తెరిచేలోపే "ఉండొచ్చమ్మా" అన్నాను. ఆయన వెనక గది నుంచి వచ్చి పిల్లికి పాలు పోశాడు.

ఇది చదివినవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఏ దేవుడికి మొక్కినా సరే, మొక్కేటప్పుడు ఆ ముసలాయన్ని ఒకసారి తలుచుకోండి. ఆదివారం దాకా ఆగకండి.