ఎర్రదారం కట్టని పరుపు

మా నాయిన దూది ఏకేవాడు, నేను పరుపులు కుట్టేదాన్ని. మూడో తరగతితో నా బడి అయిపోయింది, ఆ తర్వాత చేతికి దబ్బనం వచ్చింది. సికింద్రాబాదులో మాకున్నది ఒకటే పెద్ద గది. అందులోనే దూది, అందులోనే పడకలు. మేం పడుకునే పరుపులు అమ్ముడు పరుపుల్లో కలిసిపోకుండా, ఇంటివాటికి కాళ్లవైపు మూలన ఎర్రదారంతో ఒక ముడి వేసేదాన్ని. ఆ ముడి ఉంటే ఎవరూ ముట్టుకోరు. ముడి లేకపోతే అది సరుకు.

మా తమ్ముడు ఆ సరుకును సైకిల్ మీద చేరవేసేవాడు. చుట్టిన పరుపును వెనక కట్టుకొని, ఎదురుగాలిలో అల్వాల్ దాకా, బేగంపేట దాకా తొక్కేవాడు. అలా తొక్కీ తొక్కీ వాడికి కాళ్లలో బలం వచ్చింది. హైస్కూల్లో ఉండగా సైకిల్ పందేల్లోకి దిగాడు. హుస్సేన్ సాగర్ చుట్టూ పెట్టిన పెద్ద పందెంలో వాడికి ఒక కాగితం ఇచ్చారు. పైన నిజాం సర్కారు ముద్ర, కింద ఉర్దూ రాత. మేం ముసల్మానులమే అయినా మా ఇంట్లో మాట తెలుగు. వాడి బడి ఉర్దూలో కాబట్టి వాడొక్కడికే అది చదవడం వచ్చు.

"ఫస్టొచ్చిన," అన్నాడు.

నాయిన ఆ కాగితాన్ని గోడకు అంటించి, పనిలోంచి తలెత్తినప్పుడల్లా చూసుకునేవాడు.

పోలీస్ యాక్షన్ రోజుల్లో మేం తలుపు వేసుకొని కూర్చున్నాం. పైన విమానాలు తిరుగుతుంటే రేకులు అదిరేవి. అంతకుముందు రజాకార్లు వచ్చి, ముసల్మానులై ఉండి ఉర్దూ రాదా అని నాయినను నలుగురిలో నిలబెట్టి అడిగారు. ఇప్పుడు ఇండియా ఫౌజు వస్తే, తెలుగు మాట్లాడితే మాత్రం ముసల్మానువి కావా అని అడుగుతారేమోనని భయం. ఇళ్లు సోదా చేస్తున్నారని, నిజాం ముద్ర ఉన్న కాగితం దొరికితే ఆ ఇంటి మగవాళ్లను లారీ ఎక్కిస్తున్నారని గల్లీలో మాట పాకింది. నిజమో కాదో ఎవరూ చూసి చెప్పలేదు. పక్కింట్లోంచి కాగితాలు కాల్చిన వాసన మాత్రం వచ్చింది.

అమ్మ గోడమీది కాగితం ఊడదీసి పొయ్యి దగ్గరికి నడిచింది. తమ్ముడు అడ్డంగా నిలబడ్డాడు.

"కాల్చకే అమ్మా. కాలేజీల చేరాల్నంటే అదే కావాలె."

"నువ్వుంటే గద కాలేజీ," అంది అమ్మ.

నాయిన ఇద్దరి మధ్య నుంచి కాగితం తీసుకొని నాకిచ్చాడు. అప్పుడు నా ముందు సగం నిండిన పరుపు ఉంది. "దూది నడుమల పెట్టి కుట్టు బిడ్డా. సరుకుల పెడదం. పడకలు ఎత్తి చూస్తరు గని, అమ్మే పరుపులు ఎవడు కోస్తడు?"

గీతల గుడ్డ జానెడు తక్కువైతే కాళ్లవైపు అతుకు వేసి కుట్టాను. ఎర్రదారం వేయలేదు. దుకాణాలు మూసి ఉన్నాయి, ఆ ఎర్రదారమూ లేదు, ఉన్నా వేయకూడదు. ఇంటి పరుపని తెలిస్తే సోదాలో దాన్నే ముందు చూస్తారు.

మా ఇంటికి సోదా రాలేదు. నెల తర్వాత ఫౌజు లారీ వచ్చింది.

నాయినా తమ్ముడూ ఇంట్లో లేరు. గుమ్మంలో తుపాకీతో ఒక సిపాయి నిలబడి, అయిదు వేళ్లు చూపించి, "గద్దే," అన్నాడు. తిరుమలగిరిలో కొత్తగా దిగిన ఒక ఆఫీసరు బంగళాకట. నాకు ఆ తుపాకీ తప్ప ఏమీ కనబడలేదు. దొంతి మీదనుంచి అయిదు పరుపులు లాగి ఇచ్చేశాను. లారీ మలుపు తిరిగాక దొంతి వైపు చూశాను. అతుకు పరుపు లేదు.

పోయిన పెళ్లిళ్లలో ఎవరికి ఏ రంగు పరుపు కుట్టామో కూడా చెప్పగలనని అమ్మ పదిమందిలో గొప్పగా చెప్పేది. అలాంటిదాన్ని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నాయిన దాని కోసం పోతాడు, పోతే పట్టుకుంటారు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. తమ్ముడు ఒకటి రెండుసార్లు "అక్కా, కాగితం పైలంగున్నదా?" అని అడిగాడు. "ఉన్నది," అన్నాను.

ఎండాకాలంలో వాడు మెట్రిక్ పాసయ్యాడు. సైకిల్ పందేలు సాగించే కాలేజీ కావాలని తిరగడం మొదలుపెట్టాడు. మా వాళ్లలో కాలేజీ గడప తొక్కినవాడు లేడు. ఏది ఎక్కడుందో చెప్పేవాళ్లూ లేరు. దగ్గరున్న కాలేజీలో క్రికెట్టూ హాకీ తప్ప లేవన్నారు. అక్కడి గుమాస్తా వాణ్ని కిందికీ మీదికీ చూసి, "సైకిల్ మీద వచ్చినోళ్లందరు రేసుగాళ్లేనా? మా పాలాయన సుత సైకిల్ మీదనే వస్తడు, సీటియ్యాల్నా?" అన్నాడట. ఇంకో కాలేజీలో గేటు దగ్గరే పేరడిగి, విని, మళ్లీ రమ్మన్నారు. వాడు మళ్లీ పోలేదు.

మూడోది టాంక్ బండ్ అవతల ఉంది. అక్కడి డ్రిల్ మాస్టారు పొద్దున్నే పిల్లల్ని బేగంపేట రోడ్డు మీద సైకిళ్లు తొక్కించేవాడు. మావాణ్ని వాళ్లతో కలిసి తొక్కమన్నాడు. వాడు ఆ గురువారం ఇంటికి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"తీస్కుంటడట అక్కా. రోజు పొద్దుగాల ప్రాక్టీసట. గని పందెం ఎవరు పెట్టిన్రో కాగితం చూపియ్యాల్నట. ఎవడు ఏడికెల్లి వచ్చిండో తెల్వకుంట పేరు రాయొద్దని ఈసారి ఆర్డరట. సోమవారం లోపట తెమ్మన్నడు. గా పరుపు తియ్యి."

నేను లేవలేదు.

"లేదురా," అన్నాను. "ఫౌజోళ్ల లారీల పోయింది."

వాడు నవ్వాడు, నేను ఆట పట్టిస్తున్నాననుకొని. నా మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. బయటికి పోయి సైకిల్ పక్కన నేల మీద కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నాయిన మాత్రం గొంతు తగ్గించి అడిగాడు. "ఎన్నడు?"

"లారీ వచ్చిన్నాడే."

"గిన్ని రోజులు కడుపుల పెట్టుకున్నవా బిడ్డా?"

అమ్మ అడ్డుపడింది. "ఇంగ దాని ముచ్చట ఇడిసిపెట్టున్రి. ఫౌజోళ్ల ఇంటికి పోయి, మీ పరుపుల మా కాగితం దాచినమంటే ఊకుంటరా? ఇయ్యాల కాగితమంటరు, రేపు తుపాకి దాచిన్రంటరు. వాడు బతికుంటే పరుపులు మోస్కుంట సుత బతుకుతడు."

నాయిన రెండు రోజులు తేల్చుకోలేదు. అన్నం తింటూ తింటూ చేయి ఆపి, "పోతే ఏమైతది?" అనేవాడు. మళ్లీ తనే, "వద్దులే," అనేవాడు. శనివారం పొద్దున చూస్తే దూది ఏకే విల్లు భుజాన పెట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఏకుతమని పోదం. కాగితం మాట ఎవ్వలు ఎత్తొద్దు. అతుకు పరుపు నీకే గుర్తు, నువ్వు రా బిడ్డా. వాడు దూది మోస్తడు."

దూదేకులవాళ్లు వీధిలో కేకలు వేయరు. విల్లు నారి మీటుతూ పోతారు. ఆ మోత విని ఆడవాళ్లే బయటికి వస్తారు. పోలీస్ యాక్షన్ నాటి నుంచి నాయిన కంటోన్మెంటు రోడ్ల మీద నారి మీటలేదు, అటువైపు పోనే లేదు. ఆ రోజు ఆ బంగళా గేటు దగ్గర ఆగి, ఒకసారి నా వైపు చూసి, మీటాడు. మోత సన్నగా వచ్చింది. నారి సరిగ్గా పలకలేదు. రెండోసారి గట్టిగా మీటాడు. గేటు దగ్గరి సిపాయి తిరిగి చూశాడు.

ఆఫీసరు భార్య వరండాలోకి వచ్చింది. ఆమె మాట హిందీ. మాకు అర్థమైనదాన్నే తెలుగులో చెబుతున్నాను. పరుపులు మా ఇంటివేనని, వానలు పడకముందు ఏకి ఇస్తామని నాయిన తనకొచ్చిన ఉర్దూలో చెప్పాడు.

"ఇంకా ఏడాది కాలేదే. అప్పుడే ఏకడమెందుకు?" అంది ఆమె.

మేం ముగ్గురం ఆలోచించని ప్రశ్న అదే. మా పనిలో ఏడాది లోపు పరుపు విప్పడం మా కుట్టుకు మేమే వంక పెట్టుకున్నట్టు. నాయిన అబద్ధమాడడం నేను ఎప్పుడూ చూడలేదు. "దూది పాతది పెట్టిన, తప్పైంది," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆమెకు తెలియదు.

నాలుగు పరుపులు బయటికి వచ్చాయి. ఒక్కో దాని కాళ్లవైపు తడిమి చూశాను. అతుకు లేదు. అయిదోది లోపల ఉంది. దాని మీద ఆఫీసరు తల్లి పడుకుందట, లేచేదాకా ఆగమన్నారు. నాలుగింటిలో ఒకదాన్ని విప్పి నాయిన ఏకడం మొదలుపెట్టాడు. పని చేస్తున్నట్టు కనబడాలి కదా. మధ్యాహ్నం దాటాక ముసలామె లేచింది, పరుపు వచ్చింది. అతుకు నా వేలికి తగిలింది.

నేను బ్లేడుతో కుట్టు కోస్తుండగా జీపు లోపలికి వచ్చింది. ఆఫీసరు దిగి, దూది నిండిన పెరడు చూసి, మా దగ్గరికే నడిచి వచ్చాడు. నా చేయి అప్పటికే దూదిలో ఉంది. కాగితం అంచు వేళ్లకు తెలుస్తోంది. వదిలేసి చేయి బయటికి తీయాలనుకున్నాను. చేయి రాలేదు.

"ఏముంది అందులో?" అన్నాడు.

నాయిన విల్లు కింద పెట్టేశాడు. తమ్ముడు నా ముందుకు రాబోతే సిపాయి వాడి భుజం పట్టుకున్నాడు. అప్పుడు నేను కాగితం తీసి రెండు చేతులతో ఆయనకు ఇచ్చాను.

ఆయన ముద్ర చూశాడు. ఎంతసేపు చూశాడో. తర్వాత ఉర్దూ రాతను గడగడా పైకి చదివాడు. పంజాబు వైపు మనిషట, చదువంతా ఉర్దూలోనేనట. ఆ కాగితంలో ఏముందో నాయినా నేనూ వినడం అదే మొదటిసారి. వాడి పేరు, బడి పేరు, పందెం పేరు, చివరికి "దూస్రా దర్జా", రెండో స్థానం.

నాయిన అంత భయంలోనూ తల తిప్పి కొడుకు వైపు చూశాడు. వాడు నేల చూశాడు.

"దీన్నెందుకు దాచారు?"

"డర్ లగా సాబ్," అన్నాను, భయమేసిందని. నాకు వచ్చిన ఉర్దూ అంతే.

ఆయన సిపాయితో ఏదో చెప్పాడు. మిగిలిన పరుపులన్నీ విప్పించారు. సిపాయి కర్రతో దూది కుప్పలన్నీ కలియబెట్టాడు. దూది తప్ప ఏమీ లేదని మాకు తెలుసు. తెలిసినా, ఆ కర్ర లోపలికి పోయినప్పుడల్లా ఏదైనా తగులుతుందేమోనని దాని కొనవైపే చూసేదాన్ని.

ఏమీ దొరకలేదు. ఆఫీసరు కాగితాన్ని ఎలా మడిచి ఉందో అలాగే మడిచి తమ్ముడి చేతికిచ్చాడు. "చీకటి పడేలోపు అన్నీ కుట్టి పొండి. అమ్మ పడుకోవాలి," అన్నాడు. వరండాలో కుర్చీ వేసుకొని, టోపీ మోకాలి మీద పెట్టుకొని, మేం వెళ్లేదాకా చూస్తూ కూర్చున్నాడు. కోపమో, జాలో, కాపలానో ఈనాటికీ చెప్పలేను. ఆ ఒక్క పూటలో అయిదు పరుపులు కుట్టాను. నాయిన ఏకుతుంటే తమ్ముడు నింపాడు.

గేటు దాటి చాలా దూరం వచ్చాక నాయిన అన్నాడు, "సెకండా?"

"ముందు చక్రం గింతే ఎనకవడ్డది నాయినా," అన్నాడు తమ్ముడు, బొటనవేలు చూపిస్తూ.

"గోడకంటిచ్చి ఇంటికొచ్చినోళ్లకందరికి ఫస్టని చెప్పిన గదరా." అని నవ్వాడు. ఆ నవ్వు కూడా కంటోన్మెంటు గోడలు దాటాకే వచ్చింది.

సోమవారం డ్రిల్ మాస్టారు కాగితం చూసి, వాడి పేరు రాసుకొని, ముద్ర పైకి కనబడకుండా తిప్పి ఇచ్చాడట. "పని అయిపోయింది, ఇంట్ల పెట్టుకో," అన్నాడట. అంత పెద్దమనిషి కూడా దాన్ని తిప్పే ఇచ్చాడని తమ్ముడు చెప్పినప్పుడు అమ్మ మళ్లీ పొయ్యి వైపు చూసింది. నేను చూశాను ఆ చూపు.

మరునాటి నుంచి వాడు చీకట్లు విడవకముందే లేచి బేగంపేట రోడ్డుకు పోయేవాడు. వచ్చేదాకా అమ్మ గుమ్మంలో నిలబడేది. సైకిల్ గంట వినబడితే లోపలికి పోయి, తను అక్కడ నిలబడనట్టే పని చేసుకునేది.

కాగితాన్ని మళ్లీ గోడకు అంటించలేదు. వాడు పడుకునే పరుపులోనే పెట్టి కుట్టాను. దుకాణాలు ఎప్పుడో తెరిచారు, ఎర్రదారానికి కొదవ లేదు. ఒక మూలకు వేసే ముడిని ఆ పరుపుకు నాలుగు మూలలకూ వేశాను.