సలోమి చేతిలో వస్తువు నిలవదట

ఇది చెప్పుకోవడానికి నాకు మనిషి దొరకలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను. కొన్నేళ్ళుగా మోస్తున్న బరువు. పైకి ఎవరికీ కనిపించదు. బడికి వెళ్తాను, పాఠం చెబుతాను, పెళ్ళిళ్ళకి వెళ్ళి భోంచేసి వస్తాను. అక్కడ ఆ పిల్ల ఎదురుపడితే నవ్వుతాను. నవ్వడం అంత తేలికని నాకు ముందు తెలీదు.

సంగతి వింటే మీకు నవ్వొస్తుందేమో. ఒక లాప్‌టాప్ గురించి. హత్య కాదు, దొంగతనం కాదు. రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టి ఏది కొనమంటారని అడిగితే, తెలిసి తెలిసి ఆ పిల్లకి పనికిరానిది చూపించాను. ఇంతోటిదానికి ఇంత బాధా అని నన్ను నేను ఎన్నిసార్లు కసురుకున్నానో. కసురుకుంటే పోయేదైతే ఈపాటికి పోయేది.

పేర్లు మార్చాను. నా పేరు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మాది రాజోలు. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు టీచర్ని. మా ఆయన వైపు చుట్టాల్లో ఎవరింట్లో ఫోను కొనాలన్నా, టీవీ కొనాలన్నా ముందు నాకే కబురు వస్తుంది. టీచరమ్మ చెప్పిందంటే ఇక తిరుగులేదు. ఆ గౌరవం నాకు ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే, సిగ్గుచేటు అదే.

మా తోటికోడలు సుగుణ. మా ఆయన తమ్ముడి భార్య. అంతర్వేది దారిలో, మా అత్తగారి ఊళ్ళోనే ఉంటారు. మా మరిది రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు, సుగుణ ఇంట్లో మిషన్ కుడుతుంది. వాళ్ళమ్మాయే సలోమి. మా అమ్మాయీ సలోమీ ఒకే ఈడు. అమలాపురంలో ఒకే కాలేజీ, ఒకే బస్సు. సలోమికి కంప్యూటరు నేర్పింది నేనే. వేసవి సెలవులకి మా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుని, చెప్పింది చెప్పినట్టు నేర్చుకునేది. మా అమ్మాయి అలా కాదు, రెండు నిమిషాలు కుదురుగా కూర్చోదు.

కరోనా తగ్గాక ఇద్దరూ ఒకే ఉద్యోగానికి పరీక్ష రాశారు. ఆసుపత్రుల రికార్డులు చదివి, ఏ జబ్బుకి ఏ కోడ్ వెయ్యాలో వేసే పని. ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. సలోమికి వచ్చింది. మా అమ్మాయికి రాలేదు. ఆ ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక అత్తగారింట్లో అందరం భోజనాలకి కూర్చున్నాం. అత్తగారు పులుసు వడ్డిస్తూ, నవ్వుతూనే, “దీపం కిందే చీకటంటారు మరి” అన్నారు. ఎవరి గురించి అన్నారో అందరికీ తెలుసు. మా అమ్మాయి తల వంచుకుని మెతుకులు కెలుకుతోంది. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ మాట మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు.

కంపెనీ వాళ్ళ షరతు ఒకటే. లాప్‌టాప్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. వాళ్ళ సాఫ్ట్‌వేర్ అందులో వేస్తారు, ఇక ఆ మిషన్ మీదే పని. మొదటి ఆర్నెల్లు చూసి, నచ్చితే ఖాయం చేస్తారు. సుగుణ నాకు ఫోన్ చేసింది. నేను రాకుండా కొననంది. వెళ్ళాను.

అమలాపురం షాపతను రెండు తీసి ముందు పెట్టాడు. ధర ఇంచుమించు ఒకటే. ఒకటి నల్లది, లావుగా, మొద్దుగా ఉంది. కంపెనీలు తమ ఆఫీసుల కోసం కొనుక్కునే రకం. రెండోది తెల్లది. పల్చగా, నాజూగ్గా, మూత తెరిస్తే తెరంతా రంగులే. ఇంట్లో సినిమాలు చూసుకోవడానికి, ఫొటోలు దాచుకోవడానికి ముచ్చటైన సరుకు.

నల్లదాని సంగతి నాకు బాగా తెలుసు. మా స్కూల్లో ఉన్నవి అవే. పిల్లలు మూతలు విరిచినంత పని చేస్తారు, కీబోర్డు మీద నీళ్ళ సీసాలు ఒలకబోస్తారు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టాయిగానీ అవి మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. ఒకవేళ చెడినా కంపెనీ మనిషి మన ఇంటికే వచ్చి బాగుచేసి వెళ్తాడు. తెల్లదైతే మనమే రాజమండ్రి మోసుకెళ్ళాలి, వాళ్ళు ఎప్పుడిస్తే అప్పుడు తెచ్చుకోవాలి. పొద్దస్తమానం దానిమీదే పని చేసుకుని బతకాల్సిన పిల్లకి ఏది కావాలో చెప్పడానికి టీచరమ్మే అక్కర్లేదు.

ఆ పిల్ల చెయ్యి కూడా నల్లదాని మీదకే వెళ్ళింది. మూత తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

“పెద్దమ్మా, ఇది మీ స్కూల్లో వాటి లాంటిదే కదండీ?”

“అలాంటిదే.”

“రోజంతా పని చెయ్యాలి కదండీ. ఆ తెల్లది ఆగుద్దంటారా?”

“నువ్వూరుకోవే, నీకేం తెలుసు?” అని సుగుణ కూతుర్ని కసిరి, నా వైపు తిరిగింది. “మీరు చెప్పండక్కా. మీరేది చూపిత్తే అదే తీసుకుంటాం.”

నేను రెండింటినీ ఒకసారి చేత్తో ఎత్తి చూశాను. ఆలోచించుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంది. తొందరలో వచ్చేసిన మాట అని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు.

“ఎందుకు ఆగదు? ఆ నల్లది గుమస్తాలు వాడుకునేదమ్మా. మొదటి ఉద్యోగం, ఆ మొద్దుదాన్ని ఏం ముందేసుకుంటావు? తెల్లది తీసుకో. నేను చెబుతున్నాను కదా.”

సలోమి నల్లదాని మూత మెల్లగా వేసేసింది.

“ఆయ్. మీరు చెప్పేక ఇంకేంటండీ.”

ఎందుకు చెప్పాను అలాగ? చాలాకాలం నాకు నేను రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. సుగుణ మనసు తెల్లదాని మీదే ఉందనీ, వయసులో ఉన్న పిల్లకి అందమైన వస్తువు ఉంటే బాగుంటుందనీ, తెల్లవి కొన్నవాళ్ళ దగ్గర కూడా ఏళ్ళ తరబడి ఆగినవి ఉన్నాయనీ. ఉన్నాయి, నిజమే. నేను ఆ ఆలోచనతో చెప్పానా? లేదు. ఆ పిల్ల ఉద్యోగం పోవాలని అనుకున్నానా? అంతదూరం పోలేదని అప్పట్లో నమ్మకం. కాస్త ఇబ్బంది పడాలి. పని మధ్యలో ఆగిపోవాలి, నాకు ఫోన్ చెయ్యాలి, పెద్దమ్మా ఏం చెయ్యమంటారని బతిమాలాలి. మా అమ్మాయి ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఈ పిల్ల జీవితం మాత్రం నున్నటి రోడ్డు మీద బండిలా పోకూడదు. ఇంతమట్టుకు చెరిపితే చాలనుకున్నాను, చెరపడం నా చెప్పుచేతల్లో ఉన్నట్టు. చెరపకురా చెడేవు అని పిల్లలకి బోర్డు మీద రాయిస్తాను. చెడింది నేను కాదు. సామెతలు కూడా అబద్ధాలాడతాయి.

మావాళ్ళలో కొత్త వస్తువు ఇంటికొస్తే ప్రార్థన చేయించకుండా వాడరు. ఆ వారమే సుగుణ ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టింది. మా సంఘం పాస్టరు అయ్యగారు వచ్చి ఆ తెల్లటి మూత మీద చెయ్యుంచి ప్రార్థన చేశారు. తరవాత సుగుణ లేచి సాక్ష్యం చెప్పింది. మా అక్కగారికిచ్చిన జ్ఞానాన్ని దేవుడు మా పిల్ల కోసం వాడుకున్నాడండీ అని ఏడ్చింది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. బిర్యానీ బాగుందని చెప్పి మారు వడ్డించుకున్నాను కూడా.

వానాకాలం వచ్చేదాకా అది పని చేసింది. ఆ తరవాత ముందు కీలు ఒకటొకటిగా మొరాయించాయి. ఒకరోజు మూత తెరుస్తుంటే బందు విరిగి తెర ఆరిపోయింది. మా మరిది పని మానుకుని రాజమండ్రి పట్టుకెళ్ళాడు. సామాను రావాలన్నారు. సామాను రాలేదు. మళ్ళీ వెళ్ళాడు. ఉద్యోగమిచ్చిన కంపెనీ వాళ్ళు కొన్నాళ్ళు ఆగారు, ఆర్నెల్లు ఇంకా నిండలేదు కాబట్టి ఇక అక్కర్లేదని మెయిల్ పంపేశారు.

ఇక్కడితో ఆగినా నేను మనిషిననుకునేదాన్ని. బాగుకాని ఆ మిషన్‌ని వెనక్కి తెచ్చి మరిది అత్తగారింట్లో బల్ల మీద పడేశాడు. ఇది మిషన్ తప్పా, పిల్ల తప్పా, మీరే తేల్చాలి వదినా అన్నాడు. అందరూ చుట్టూ చేరారు. నేను కళ్ళజోడు పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, పెద్ద డాక్టరులా పరీక్ష చేశాను. మంచం మీద, దుప్పట్ల మీద పెట్టి వాడినట్టుంది, జాగ్రత్త లేదు, అందుకే వేడెక్కి పాడైందని చెప్పాను. సలోమి దాన్ని ఏనాడూ మంచం మీద పెట్టలేదు. వాళ్ళమ్మ కుట్టుమిషన్ బల్ల మీద చెక్క వేసుకుని, దాని మీద బట్ట పరిచి, రోజూ తుడుచుకుని పని చేసేది. నా కళ్ళతో నేను చూశాను. నేను చూశానని ఆ పిల్లకీ తెలుసు. నా మొహంలోకి చూసింది. కాదు పెద్దమ్మా అంటుందని ఎదురుచూశాను. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పే పెంపకం కాదు అది. తల దించుకుంది. మళ్ళీ కొనేది లేదని మరిది ఆ రోజే తేల్చేశాడు.

ఆ తరవాత కొద్ది నెలలకి మా అమ్మాయికి ఒక ఉద్యోగం వచ్చింది. అమలాపురంలో అదే షాపుకి వెళ్ళాను. ఏది కొన్నానో మీకు చెప్పక్కర్లేదు. షాపతను మంచిది తీసుకున్నారు మేడమ్ అన్నాడు. నల్లది. ఇప్పటికీ నడుస్తోంది, దానికి ఒక్కనాడు జ్వరం కూడా రాలేదు. మొదట్లో సుగుణ వాళ్ళు వస్తున్నారంటే దాన్ని బీరువాలో పెట్టేదాన్ని. తరవాత మానేశాను. సుగుణ చూసింది, బాగుందక్కా అంది. అంతకుమించి ఆవిడకి ఏమీ తోచలేదు. నా మీద అంత నమ్మకం.

సలోమి ఇప్పుడు రావులపాలెం అరటి మార్కెట్లో ఒక కమీషన్ కొట్లో లారీల లెక్కలు రాస్తోంది. పొద్దున్నే బస్సెక్కుతుంది, చీకటి పడ్డాక దిగుతుంది. అది చిన్నపని అని నేననను. కానీ మా ఇళ్ళల్లో ఒక మాట పుట్టింది. సలోమి చేతిలో వస్తువు నిలవదు. గ్లాసు పగిలితే ఆ మాట, గొడుగు పోతే ఆ మాట. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు కూడా అత్తగారు సరదాకి అన్నారు. అందరూ నవ్వుతారు. ఆ పిల్లా నవ్వుతుంది. ఆ మాటకి పుట్టిల్లు నా నోరు.

మా అమ్మాయికి పెళ్ళయి పాప పుట్టింది. పోయిన నెల ఆ మనవరాలికి పేరు పెట్టే ప్రార్థన జరిగింది. పాపని అందరూ ఎత్తుకుని ముద్దాడుతున్నారు. సలోమి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. నేనే పాపని తీసుకెళ్ళి ఆ పిల్ల చేతుల్లో పెట్టబోయాను. గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. “వద్దండీ పెద్దమ్మా. నా చేతిలో ఏదీ నిలవదు కదండీ” అంది. నవ్వుతూ అనలేదు. పాప నా చేతుల్లోనే ఉంది.

ఆ రోజే చెప్పెయ్యాల్సింది. ఎందుకు చెప్పలేదు? చెబితే మా అమ్మాయికి తెలుస్తుంది. తన ఓటమికి ఇంకో ఆడపిల్ల బతుకు తీసుకొచ్చి బదులు పెట్టానని తెలుస్తుంది. టీచరమ్మ మాటకి విలువ పోతుంది. చూడండి, ఇప్పటికీ నా లెక్కల్లో ముందు నేనే. గుడిలో ప్రతి ఆదివారం అందరం కలిసి పాపాలు ఒప్పుకుంటాం. అంతమంది గొంతుల్లో నా గొంతు కలిపేసి, తేలిగ్గా కూర్చుంటాను. నా పక్క వరసలోనే సలోమి, తను చేసిన పాపాలేవో వెతుక్కుని మరీ ఒప్పుకుంటూ ఉంటుంది. సలోమికి ఎప్పటికైనా చెబుతానని ఇక్కడ రాస్తే మీకు నా మీద కాస్త మంచి అభిప్రాయం కలుగుతుంది. రాయను. చెబుతానో లేదో నాకే తెలీదు. మీరు క్షమించినా నాకు అక్కరకి రాదు, ఆ హక్కు మీది కాదు.

ఇంతా రాసి కూడా ఒకటి దాచాను. ఉద్యోగం పోయిందని సుగుణ ఫోన్లో చెప్పిన రోజు. వెక్కి వెక్కి ఏడుస్తోంది. అయ్యో అన్నాను, దేవుడున్నాడన్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి అన్నం పెట్టుకున్నాను. చాలా నెలల తరవాత ఆ పూట అన్నం హితవుగా ఉంది. మా అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ముద్దలు కలిపి తినిపించాను. ఏంటమ్మా ఇవాళ ఇంత ప్రేమ అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ పిల్ల ఉద్యోగం పోయినందుకు నాకు సంతోషం వేసింది. పొరపాటు కాదు, భయం కాదు, సంతోషం. ఈ మాట మా ఆయనతో అనలేదు, ప్రార్థనలో కూడా అనలేదు. ఇక్కడ రాశాక కొంచెం ఊపిరాడుతోంది.