నీళ్లకు వీపు పెట్టని మా మేనత్త

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకొని బయటికి వస్తుంటే, మా మిషన్ గుడి గోడ నీడలో మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. బిజినేపల్లి నుంచి బండి కట్టించుకొని మానవపాడు దాకా వచ్చాడంటేనే ఏదో కీడు జరిగిందని తెలిసిపోయింది.

"అక్కా, అత్త పోయింది" అన్నాడు.

"ఏమన్న చెప్పిందా పోయేముందు?"

"పొద్దుగాల లేచి గంజి తాగింది. ఉప్పు సాల్లేదని మా ఆమెను తిట్టింది. మళ్ల పండుకున్నది, లేవలే. గంతే."

ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం. మా మేనత్త గురించి నవ్వకుండా చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ఆమె మా నాయనకు అక్క. పడుచుతనంలో, వానలు లేని ఒక ఏడు, మామతో కలిసి కూలిజట్టు వెంట సముద్రపు ఒడ్డుకు వలస పోయింది. అక్కడ ఉప్పు మడుల్లో ఏళ్లతరబడి పని చేశారు. మామ చనిపోయాక మా ఇంటికి వచ్చేసింది. చుట్టుపక్కల ఊళ్లలో సముద్రం చూసిన మనిషి ఆమె ఒక్కతే. పల్లీలు ఒలుస్తూ మేము అడిగేవాళ్లం.

"సముంద్రం ఎట్లుంటది అత్తా?"

"జొన్నచేను గాలికి ఊగుతది సూడు, గట్లుంటది. గాకపోతే గా చేను లేసి నీ మీదికొస్తది."

వాగులో బట్టలు ఉతికేటప్పుడు కూడా ఆమె నీళ్లకు ఎదురుగానే కూర్చునేది. "అలకు వీపు పెట్టినోన్నే అల కొడ్తది" అనేది. అక్కడ ఒకసారి ఉప్పెన వచ్చిందట. మూటా ముల్లె వదిలి ఇసుకదిబ్బ ఎక్కినవాళ్లు బతికారు. కాస్త నీళ్లు తీయగానే, అంతా అయిపోయిందని కిందికి దిగినవాళ్లను రెండో పోటు పట్టుకుపోయింది. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె చేతులు ఆగేవి. మా నాయన నవ్వేవాడు. "మనకు తాగనీకె నీళ్లు లేవు. ఉప్పెన యాడికెళ్లొస్తది అక్కా?"

నా పెళ్లి కుదిరింది. వరుడు మానవపాడులో మిషన్ బడి పంతులు. పెళ్లి అక్కడి గుడిలోనే. శ్రావణంలో బండ్లు కట్టుకొని బయలుదేరి, బీచుపల్లికి ఎదుటి ఒడ్డున దిగాం. కృష్ణ ఎర్రగా, నిండుగా ఉంది. పుట్టి అనే గుండ్రటి బుట్టపడవ తప్ప దాటే దారి లేదు. అందరూ మామా అని పిలిచే పుట్టివాడు ఆ రోజుకు వద్దన్నాడు. మరునాటి పొద్దున చూస్తే నీళ్లు మూరెడు తీసి ఉన్నాయి. మా నాయన ఎగిరి గంతేశాడు. పెళ్లి జరిపించే పాదిరిగారు ఆ వారం దాటితే వేరే ఊళ్లకు పోతారు, మళ్లీ ఎన్ని నెలలకు వస్తారో తెలియదు. వియ్యాలవారు ఏమనుకుంటారోనని ఆయనకు నిద్ర కూడా పట్టలేదు.

"పుట్టి దింపు మామా, పోదాం" అన్నాడు.

అప్పుడు మా మేనత్త నిదానంగా వచ్చి, ఒడ్డున ఉన్న పుట్టిలో ఎక్కి, కాళ్లు చాపుకొని కూర్చుంది. భారీ మనిషి. ఒళ్లో సద్దిమూట విప్పి రొట్టె తినడం మొదలుపెట్టింది.

"అక్కా, లే!"

"లేవ."

"నీళ్లు తీసినయి గదనే!"

"అందుకే లేవ. తీసిన నీళ్లు మళ్లొస్తయి."

"ఇది సముంద్రమా? కిష్ణ!"

"నీళ్లకు పేర్లు తెల్వవు తమ్మీ."

నలుగురు మగవాళ్లు లేపబోయారు. ఆమె కదలలేదు. పుట్టి మామ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. పెళ్లికూతుర్నని తల దించుకోవలసిన నేను కూడా కడుపు పట్టుకొని నవ్వాను.

రొట్టె అయిపోకముందే ఎగువ నుంచి ఒక తుమ్మచెట్టు వేళ్లతో సహా కొట్టుకొచ్చింది. దాని వెనక ఒక పశువుల కొట్టం కప్పు. నీళ్లు చూస్తుండగానే మా బండిచక్రాలను తాకాయి. మేనత్త అప్పుడు లేచింది, ఎవరూ లేపకుండానే.

"ఎడ్లను ఇప్పుండ్రి! పిల్లల్ని ఎత్తుకోండ్రి! మిట్ట మీదికి!"

అందరం పరుగెత్తాం. సగం దూరం పోయాక నాయన వెనక్కి తిరిగాడు. పెళ్లిచీర పెట్టె బండిలో ఉంది. మేనత్త ఆయన ధోవతి కొంగు పట్టుకొని గుంజింది.

"చీర గద్వాల్ల మళ్ల నేస్తరు. నిన్ను యాడ నేపియ్యాలె?"

నాయన ఆగిపోయాడు. మేము చూస్తుండగానే బండ్లు, చీరపెట్టె అన్నీ నీళ్లలో కలిసిపోయాయి. ఆయన పిల్లవాడిలా అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

మిట్ట మీది ఊళ్లో ఒక ముస్లిం కుటుంబం తమ కొట్టం ఖాళీ చేసి మమ్మల్ని ఉండమంది. "పరేషాన్ గావద్దు, ఇది మీ ఇల్లే" అన్నది ఆ ఇంటి పెద్దమ్మ. ఏరు తగ్గేదాకా మేనత్త ఒక్కరినీ ఒడ్డుకు వరద చూడ్డానికైనా పోనివ్వలేదు. బావినీళ్లు కాచనిదే తాగనివ్వలేదు. ఆ పెద్దమ్మతో కలిసి వంటలు చేస్తూ, పాటలు పాడుతూ, ఆ కొట్టాన్నే పెళ్లిల్లు చేసేసింది.

ఏరు శాంతించాక మొదటి పుట్టిలో వరుడూ పాదిరిగారూ మా ఒడ్డుకే వచ్చారు. మేము మునిగిపోయామనుకొని వాళ్లు అన్నం ముట్టలేదట. మేనత్త వరుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఈత వస్తదా కొడుకా?"

"రాదమ్మా."

"మంచిగయ్యింది. ఈత రానోడే నీళ్లను జూసి ఆగుతడు."

నా పెళ్లి ఆ కొట్టం ముందే జరిగింది. ఆ పెద్దమ్మ తన నిఖా నాటి ఎర్ర ఓణీ నా తల మీద కప్పింది. అన్నంలోకి పచ్చిపులుసు తప్ప మరేమీ లేదు. అంత బాగా తిన్న పెళ్లి ఇంకోటి చూడలేదని పాదిరిగారు ఇప్పటికీ అంటారు.

మరునాడు పొద్దున మేమిద్దరం మానవపాడుకు బయలుదేరాం. పుట్టి మామ ఏటి రంగు చూసి తలూపాడు. మేనత్త కూడా చూసి, "ఇగ పోండ్రి" అంది. నడుమ ఏట్లోకి పోయాక పుట్టి నెమ్మదిగా గుండ్రంగా తిరగసాగింది. ఒక తిప్పులో బీచుపల్లి గుడి కనిపించేది, ఒక తిప్పులో ఎండకు మెరిసే నీళ్లు, ఇంకో తిప్పులో మా మేనత్త. మళ్లీ గుడి, మళ్లీ నీళ్లు, మళ్లీ మేనత్త. తిరిగిన ప్రతిసారీ ఇంకాస్త చిన్నదై, ఒడ్డున అక్కడే నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, నవ్వుతూ.