నారాయణప్పకు నేను చేసిన అన్యాయం

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ మైకు ముందు నిలబడాలంటే నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే మూడు నెలల క్రితం ఇక్కడే నిలబడి నేను ఒక మనిషి పరువు తీశాను, ఈరోజు ఆ సంగతే ఒప్పుకోవాలి!

మాలూరు ఫ్యాక్టరీలో నా పని మీకు తెలుసు. కేజీఎఫ్ నుంచి బంగారుపేట స్టేషనుకు వెళ్ళి రైలు అందుకోవడానికి పాత మోటారు సైకిల్ ఒకటి కొన్నాను. కొన్న కొద్ది రోజులకే అది దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. మెకానిక్ నారాయణప్ప కార్బరేటర్ కడిగాడు, ప్లగ్గు మార్చాడు, చివరికి ఇంజను విప్పి కొత్త పిస్టన్ కూడా వేశాడు, నా భార్య ఆవు పాలు అమ్మి దాచుకున్నదంతా దానికే పోయింది, అయినా పది రోజులు తిరగకముందే మళ్ళీ పొగ, మళ్ళీ ఆగిపోవడం! రైలు తప్పిపోయి ఆలస్యంగా వెళ్తూ ఉంటే, ఇంకొక్కసారి ఇలా అయితే పనిలోకి రావద్దని ఫ్యాక్టరీవాళ్ళు చెప్పేశారు.

నేను మాత్రం పట్టు వదల్లేదు. బండి బాగైన ప్రతిసారీ ట్యాంకు మీద చెయ్యి పెట్టి, "తండ్రీ, దీని మీద ఉన్న ప్రతి దుష్టక్రియనూ లయపరచు" అని ప్రార్థించాను. ఆ దుష్టుడు నారాయణప్పే అని నా మనసులో పడింది. పాత సామాన్లు వేసి మోసం చేస్తున్నాడని సంఘమంతటి ముందూ చెప్పాను. మీలో చాలామంది ఆయన షాపుకు వెళ్ళడం మానేశారు.

నాలుగోసారి బండి ఆగినప్పుడు ఆయన షాపుకే తోసుకుంటూ వెళ్ళాను, తిట్టడానికే వెళ్ళాను. ఆయన కోప్పడలేదు.

"కూలి వద్దప్పా. నా పేరే పోయినాక ఇంగ కూలి ఏం చేసుకునేది? నీ ముందరే ఇప్పుతా, చూడు" అన్నాడు.

ట్యాంకు దించి, పెట్రోలు డబ్బాలోకి ఒంపి, వాసన చూసి, నా ముఖంలోకి చూశాడు.

"అప్పా, దీంట్లో టెంకాయనూనె వాసన వస్తా ఉండాది. ఎవురు పోసినారు?"

సహోదరులారా, పోసింది నేనే! తలకు రాసుకోమని పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనెను, బండికి కూడా అభిషేకం కావాలని, కొన్న రోజునా, ఆ తర్వాత బాగైన ప్రతిసారీ ట్యాంకులోకి ఒంపింది ఈ చేతులే! ఆయన చేసిన పనంతా నేనే చెడగొట్టుకుంటూ నింద ఆయన నెత్తిన వేశాను.

అక్కడే, గ్రీజు మరకల నేల మీదే మోకరించి, "ప్రభువా, నీ మందిరంలో అబద్ధసాక్ష్యం చెప్పాను, నన్ను క్షమించు" అని ఏడ్చాను. నారాయణప్ప కంగారుపడిపోయాడు. "లెయ్యప్పా, లెయ్యి, జనం చూస్తా ఉండారు. నూనె తలకి రాసుకో, బండికి పెట్రోలు చాలు" అని నన్ను చెయ్యి పట్టి లేపాడు.

ట్యాంకు కడిగాక బండి ఇంతవరకూ ఆగలేదు, నా పని నిలిచింది, అంతకంటే ముందు అనుమానంతో కుళ్ళిపోయిన నా మనసును దేవుడు కడిగాడు, దేవునికే మహిమ! మీ బతుకు కూడా ఎంత బాగుచేసినా మళ్ళీ మళ్ళీ ఆగిపోతుంటే, ఈ దేవుణ్ణి నమ్మి ఆయన ముందు విప్పి పెట్టండి, ఆయన తప్పు చూపిస్తాడు, చూపించి మనల్ని సిగ్గులో వదిలేయడు, చెయ్యి పట్టి లేపుతాడు.

ఇంకొక్క మనవి. నారాయణప్ప షాపు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ రోజు నా మాట విని ఆయన్ని విడిచిపెట్టిన వాళ్ళు, ఈ రోజు కూడా నా మాట విని, రేపు మీ బండ్లు ఆయన దగ్గరికే తీసుకువెళ్ళండి.